అలుగు దాటాక ఎడమవైపు

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు మీదుగా కుప్పం చేరే మోటారు సైకిల్ ర్యాలీకి నేను ఇరవై రెండేళ్లు దారి కొలిచాను. జీతం తీసుకున్న ఉద్యోగం వేరు. రోడ్ల ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఆ ఉద్యోగంలో నేను వేయించిన రోడ్ల మీద ఇప్పటికి రెండో పొర, మూడో పొర పడ్డాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏడాదికి ఒక్క రోజు జరిగే ఈ ర్యాలీ కోసం, అంతకు ముందు మూడు నెలల ఆదివారాలు చేసిన పనే నాకు వృత్తి అంటే ఏమిటో నేర్పింది. మోకాళ్లు ఒప్పుకోక ఈ ఏడు ఆ పని వదిలేశాను. ముందు చక్రానికి దూరం మీటరు బిగించిన కొలత బండి, ఉక్కు టేపు, రెండు గడియారాలు కొత్తగా వచ్చిన మీ ముగ్గురికీ అప్పగించాను. వస్తువులతో పాటు ఇవ్వవలసినది ఇంకొంత ఉంది. అది ఈ కాగితాల్లో రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఇది వేగం పందెం కాదు. మదనపల్లెలో నిమిషానికి ఒక బండి చొప్పున బయలుదేరుతుంది. దారిలో కొన్ని చోట్ల మన మనుషులు గడియారాలతో కూర్చుంటారు. ఏ చోటికి ఏ నిమిషానికి చేరాలో దారి పుస్తకం చెబుతుంది. ఆలస్యంగా వస్తే నిమిషానికి ఒక తప్పు మార్కు. ముందుగా వస్తే నిమిషానికి రెండు. ముందుగా వచ్చినవారికి రెట్టింపు శిక్ష ఎందుకని ప్రతి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఆలస్యానికి పంక్చరు కారణం కావచ్చు, రోడ్డుకు అడ్డం వచ్చిన గొర్రెల మంద కారణం కావచ్చు; ముందుగా రావడానికి మాత్రం నడిపేవారి తొందర ఒక్కటే కారణమని నేను చాలాకాలం జవాబు చెప్పేవాణ్ణి. ఆ జవాబు సంపూర్ణం కాదని తెలుసుకున్న సందర్భమే ఈ రాతలో ముఖ్యమైనది.

లక్క ముద్ర

ర్యాలీ ఒక తగాదాలోంచి పుట్టింది. మదనపల్లెలో నిమ్మనపల్లె రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే రెడ్డెప్పకూ, పుంగనూరులో అదే పని చేసే నాగరాజుకూ మధ్య తగాదా. నేను అప్పటికి ఈ ప్రాంతానికి రాలేదు. విన్నవాళ్లు చెప్పిన ప్రకారం రాస్తున్నాను. ఇద్దరూ ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎదురుపడ్డారు.

“రెడ్డెప్పా, నువ్వు కట్టిన ఇంజను పుంగనూరు గడప తొక్కితే అదే గొప్పంట కదా?” అన్నాడు నాగరాజు.

“గడప తొక్కేదేందిరా, నీ షెడ్డు ముందర హారను కొట్టి కుప్పం పోతాది. నువ్వూ ఒకటి తీసుకోనిరా. దావలో పనిముట్ల పెట్టె విప్పినోడు ఓడినట్టు.”

“విప్పలేదని ఎట్ల నమ్మేది?”

“లక్క ఏస్తాం.”

ఆ ఏడు ఆయుధపూజ అయిన తరువాతి ఆదివారం ఏడు బండ్లు బయలుదేరాయి. ప్రతి బండి పనిముట్ల పెట్టెకూ దారం చుట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశారు. కుప్పంలో ముద్ర చెదరకుండా దిగిన మెకానిక్కు పేరు ఏడాది పొడవునా నిలబడేది. మొదటి కొన్నేళ్లు మెకానిక్కులు మాత్రమే వచ్చేవారు. తరువాత వారి దగ్గర బండ్లు బాగుచేయించుకునే టీచర్లు, పాలవాళ్లు, టమోటా మండీ గుమాస్తాలు చేరారు. ఇప్పుడు బెంగుళూరు నుంచి ఖరీదైన బండ్ల మీద తోలు కోట్లు వేసుకుని వస్తున్నారు. అయినా పెట్టె మీద లక్క ముద్ర పోలేదు. నూరు సీసీ బండ్లే ముందు బయలుదేరాలన్న నియమమూ పోలేదు. రెండింటినీ రెడ్డెప్ప పోనివ్వలేదు.

ఒక ఏడు ఒక పెద్ద వ్యాపార సంస్థ ప్రతినిధి వచ్చి, ఖర్చంతా మేము పెట్టుకుంటాం, వేగం పందెంగా మార్చండి అన్నాడు. రెడ్డెప్ప చేతి గ్రీసు తుడుచుకుంటూ, “సూడప్పా, బిరబిరా పోయేదానికి ఎవురైనా పోతారు. తొమ్మిదీ ఇరవైకి వస్తానని చెప్పి తొమ్మిదీ ఇరవైకి వచ్చేవాడు నీకు ఎంతమంది తెలుసో లెక్కపెట్టు,” అన్నాడు. ఆ మనిషి నిజంగానే కాసేపు ఆలోచించి, టీ తాగి వెళ్లిపోయాడు.

ర్యాలీ కమిటీకి చాలాకాలం అధ్యక్షుడుగా ఉన్నవాడు రమణ. టమోటా మండీ యజమాని. ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. మండీలో ఉదయం ఏ గంటకు ఎన్ని లారీలు కదులుతాయో ఆయనకు తెలిసినట్టు పోలీసులకు కూడా తెలియదు. బయలుదేరే వేళను ఆయనే నిర్ణయించేవాడు. ఆయన ఉన్నన్నాళ్లు లారీల మధ్య ఇరుక్కుని ఒక్క బండి ఆలస్యం కాలేదు. నిర్ణయం తీసుకోవడానికి ఆయనకు అర నిమిషం చాలు. పది సందర్భాల్లో తొమ్మిది సార్లు అది సరైన నిర్ణయమే అయ్యేది. పదోసారి పక్కనున్నవారు ఆయన వేగాన్ని ఆపాలి. నేను ఆపవలసిన ఒక సందర్భంలో ఆపలేదు.

కొత్త టైరు

దారి కొలిచే పద్ధతి మీకు చూపించాను. అయినా మళ్లీ రాస్తున్నాను. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లను నమ్మవద్దు. మలుపులు సరిచేసినప్పుడు దారి పొడవు మారుతుంది, రాయి మారదు. పుంగనూరు రోడ్డులో నేను ఉక్కు టేపుతో స్వయంగా కొలిచి గుర్తు పెట్టిన ఒక కిలోమీటరు ఉంది. ప్రతి ఆదివారం పని మొదలుపెట్టే ముందు కొలత బండిని దాని మీద మూడుసార్లు నడపండి. ముందు టైరులో గాలి ఎంతుందో రాసుకోండి. ఎండలో టైరు వేడెక్కాక మళ్లీ రాసుకోండి.

ఈ జాగ్రత్త నాకు పుట్టుకతో రాలేదు. నాలుగో ఏడు అనుకుంటాను, బండిని నెల ముందు ఒక్కసారి సరిచూసుకుని, దారి మొత్తం కొలిచి, పుస్తకం అచ్చు వేయించాను. ర్యాలీ రోజున ప్రతి ఒక్కరూ కుప్పానికి మూడు నిమిషాలు ఆలస్యంగా చేరారు. నేను వారిని తిట్టుకుంటూ కూర్చున్నాను. రెడ్డెప్ప తాపీగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

“సారూ, ఒకడు లేటయితే వాని తప్పు. ఊరంతా లేటయితే నీ తప్పు. కొలత బండి ముందర చక్రం సూసినావా?”

చూశాను. నున్నగా అరిగిన పాత టైరు స్థానంలో కొత్త టైరు ఉంది. నేను సరిచూసుకున్న తరువాత, కొలవడానికి ముందు, రెడ్డెప్ప షెడ్డులోనే మార్చారు. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అది నిజమైన దూరాన్ని తక్కువగా చూపింది. కిలోమీటరుకు ఇరవై మీటర్లు. నూరు కిలోమీటర్లకు రెండు కిలోమీటర్లు. గంటకు నలభై వేగంతో మూడు నిమిషాలు. లెక్క అణువంత తేడా లేకుండా సరిపోయింది. తప్పు నాదని ఒప్పుకోవడానికి ఆ లెక్క నాకు సాయపడింది. తలవంచుకున్నాను, కానీ లోలోపల ఆ లెక్క అందానికి సంతోషించాను కూడా.

రెడ్డెప్ప మాటను సూత్రంగా మనసులో పెట్టుకున్నాను. అందరూ తప్పితే తప్పు నాది. ఒక్కరు తప్పితే తప్పు వారిది. మొదటి సగం ఎప్పటికీ నిజం. రెండో సగాన్ని సూత్రంగా పట్టుకోవడం వల్లే తరువాత ఒక మనిషికి అన్యాయం చేశాను.

మునిలక్ష్మి బండి

మునిలక్ష్మి పెద్దపంజాణి మండలంలో ఊరూరా తిరిగి ఆవులకు కృత్రిమ గర్భధారణ సూదులు వేసేది. ఊళ్లలో అందరూ డాక్టరమ్మ అనేవారు. పాత నూరు సీసీ బండి వెనక, కోడెల వీర్యం నిలవ ఉంచే, నత్రజని పొగలు చిమ్మే చల్లని డబ్బాను సైకిల్ ట్యూబుతో బిగించి కట్టుకుని తిరిగేది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ర్యాలీలో పేరు రాయించడానికి వచ్చిన రోజున రమణ నవ్వుతూ అడిగాడు.

“అమ్మా, డబ్బాతోనే వస్తావా, దించి వస్తావా?”

“దించే వస్తానన్నా. డబ్బా లేకుంటే బండి ఎగిరెగిరి పడతాది, దానికి అలవాటు లేదు.”

బండికి మీటరు పనిచేయదు. తీగ తెగి చాలాకాలమైంది. వేగమూ తెలియదు, దూరమూ తెలియదు. మీటరు లేని బండికి మన నియమాల్లో నిషేధం లేదు. దారి పుస్తకంలో ప్రతి మలుపుకూ దూరంతో పాటు ఒక గుర్తు కూడా రాయాలనీ, మీటరు లేనివారు గుర్తులతోనే చేరగలగాలనీ రెడ్డెప్ప పెట్టిన నియమం. ఆ నియమాన్ని పాటించవలసినవాణ్ణి నేను.

తొమ్మిది నిమిషాలు

ఆ ఏడు పుంగనూరు దాటాక ప్రధాన రహదారి వదిలి, పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల మట్టిరోడ్ల మీదుగా పలమనేరు చేరేలా దారి వేశాను. ఆ భాగంలో ఒకచోట చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోవడానికి కట్టిన రాతిగోడ ఉంది. వానలు లేని ఏడు కాబట్టి అది ఎండిపోయి ఉంది. దాన్ని దాటిన వెంటనే ఎడమకు తిరిగి ఒక పల్లె చుట్టి రావాలి. ఆ పల్లెలో, నడిపేవారు వెంట తెచ్చే కార్డు మీద ముద్ర వేయడానికి, పుస్తకంలో రాయకుండా ఒక మనిషిని కూర్చోబెట్టాం.

పలమనేరు బల్ల దగ్గర నేను కూర్చున్నాను. మునిలక్ష్మి చేరవలసిన నిమిషానికి తొమ్మిది నిమిషాలు ముందుగా వచ్చింది. కార్డు తీసుకుని చూశాను. పల్లెలో పడవలసిన ముద్ర లేదు. మిగిలిన నూరు సీసీ బండ్లన్నీ ఆ పల్లె మీదుగానే వచ్చాయి. ఒక్కరు తప్పితే తప్పు వారిది. కార్డు మీద ఎర్రసిరాతో ‘అడ్డదారి’ అని రాసి, రమణకు ఫోను చేశాను. రమణ అర నిమిషంలో నిర్ణయం చెప్పాడు: పోటీ నుంచి తొలగింపు, ఇక ముందు ఏ ఏడూ ప్రవేశం లేదు. నేను దాన్ని పైకి చెప్పగా బల్ల చుట్టూ ఉన్న పదిమంది విన్నారు. ఆమె కార్డు తీసుకుని బండి ఎక్కింది. వి.కోటలోనూ, కుప్పంలోనూ చేరవలసిన సమయాలకు చేరింది. తొలగించిన తరువాత కూడా అలా నడిపింది.

మధ్యాహ్నం మూడు గంటలకు కుప్పంలో కమిటీ బల్ల ముందు నిలబడి కార్డు పెట్టింది.

“సారూ, ఈ ఎర్రసిరా మాట యాల రాసినారు?”

“పల్లెలో ముద్ర లేదు. తొమ్మిది నిమిషాలు ముందు వచ్చావు. రెండూ కలిపితే ఒకటే అర్థం వస్తుంది,” అన్నాను.

“మీరు పుస్తకంలో రాసిన దావలోనే వచ్చినాను.”

“తప్పు చేసినోళ్లందరూ అట్లే అంటారమ్మా,” అన్నాడు రమణ. “రూలంటే రూలే. ఇంక ఈ ర్యాలీ తట్టు రావద్దు.”

“రాకపోతే పాయన్నా, ర్యాలీ లేకుంటే నాకేం కడుపు నిండదా?” ఆమె గొంతు అప్పుడే మొదటిసారి పెరిగింది. “తెల్లారితే నేను పల్లెలు తిరగల్ల. నేను ఏసే సూదిలో పుంగనూరు కోడెది ఉండాదా, జెర్సీది ఉండాదా, ఆవుగలాయన కండ్లకు కనబడదు. నా మాట నమ్మి ఏయించుకుంటాండారు. అడ్డదారి మనిషని పేరు బడితే ఏ దొడ్లో కాలు పెట్టనిస్తారు? పలమనేరులో సారు రాసినాడు, వి.కోటకు వచ్చేలోపల మా ఊర్నించి రెండు ఫోన్లొచ్చినాయి.”

వెనక కుర్చీలో కూర్చుని బెల్లం టీ తాగుతున్న రెడ్డెప్ప గ్లాసు కింద పెట్టాడు.

“సారూ, ఒక మాట అడుగుతా. పల్లె ఎగ్గొట్టి అడ్డంగా వచ్చినోనికి, ముందరొచ్చినామని తెలుస్తాదా, తెలీదా?”

“తెలుస్తుంది. చేతికి గడియారం ఉంది కదా.”

“తెలిస్తే ఏం జేస్తాడు? పలమనేరు బయట యాడో చింతచెట్టు కింద తొమ్మిది నిమిషాలు కూసోని, బీడీ కాల్చుకోని, సరింగా టయానికి నీ ముందర నిలబడతాడు. ఈయమ్మ నేరుగా వచ్చి నీ చేతికి కార్డు ఇచ్చింది. దొంగకు ఆ మాత్రం తెలివుండదా?”

మునిలక్ష్మి వైపు తిరిగి, “యాల ఆగలేదమ్మా నువ్వు?” అని అడిగాడు.

“యాల ఆగల్ల అన్నా? ఇంజనీరు సారు లెక్క తప్పిందేమో అనుకున్న్యా. నా పాటికి నేను వచ్చినా.”

నేను ముప్పై ఏళ్లు కొలతలతో బతికినవాణ్ణి. తొమ్మిది నిమిషాలు అన్న అంకె నా కళ్ల ముందే ఉంది. అది మోసానికి సాక్ష్యమని రాసుకున్నాను; మోసం లేదనడానికి అదే సాక్ష్యమని ఒక మెకానిక్కు చెప్పేదాకా నాకు తట్టలేదు. రమణ కూడా మెత్తబడి, నూరు సీసీ బండ్ల ఫలితం ఒక రోజు ఆపుదామన్నాడు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదే. తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకోవడానికి కూడా ఆయనకు అర నిమిషమే పట్టేది.

“రేపు పొద్దున సారును నీ బండెనక కూసోబెట్టుకో,” అన్నాడు రెడ్డెప్ప ఆమెతో. “సారు పుస్తకం సదవల్ల, నువ్వు నడపల్ల. నువ్వు ఏం మాట్లాడద్దు. సారూ, నువ్వు కూడా రాసింది తప్ప ఒక్క మాట ఎక్కువ సదవద్దు.”

వెనక సీటు

మరునాడు ఉదయం పుంగనూరు దాటాక ఆ మట్టిరోడ్ల మొదలులో ఆమె బండి వెనక కూర్చున్నాను. పుస్తకం తెరిచి, ఒక్కొక్క పంక్తి చదివాను. ‘పాల కేంద్రం దగ్గర కుడివైపు.’ తిరిగింది. ‘మూడు చింతచెట్లు దాటాక నేరుగా.’ పోయింది. మీటరు లేదు. నేను నా చేతి గడియారంతో వేగం లెక్కవేస్తూ వచ్చాను. పుస్తకంలో ఆ భాగానికి గంటకు ముప్పై అని రాశాను. కొలిచిన గుర్తుల మధ్య ఆమె వేగం ముప్పైకి ఇటూ అటూ కావడం లేదు.

“వేగం నీకు ఎలా తెలుస్తోంది?” అని అడిగాను, రెడ్డెప్ప మాట మీరి.

“మట్టిరోడ్డులో ముప్పై దాటితే డబ్బాలో నత్రజని కుదిలి మూత తడతాది సారూ. ఏండ్ల తరబడి ఆ వేగంతోనే పోతాండా. డబ్బా లేకపోయినా సెవికి తెలుస్తాది.”

తరువాతి పంక్తి చదివాను. “అలుగు దాటాక ఎడమవైపు మట్టిరోడ్డు. పలమనేరు దాకా అదే దారి.”

రోడ్డు పక్కన ఇంటి అంత బండరాయి ఒకటి కనిపించింది. పొరలు పొరలుగా పగిలి, ఒక పొర మీద ఇంకొక పొర పరచినట్టు ఉంది. దాన్ని దాటి, ఆమె బండిని ఎడమకు తిప్పింది.

“ఆపు, ఆపు! ఇక్కడ కాదు.”

ఆమె బండి ఆపి, వెనక్కు తిరిగి చూసింది. “అలుగు దాటినాం కదా సారూ.”

“అలుగు ఇంకా రాలేదు. చెరువు దగ్గర కదా!”

“ఇదో, ఈ రాయే అలుగు. వొళ్లంతా పెంకులుండే అలుగు లేదా, అడవిలో, సీమల్ని తినేది? అట్లుండాదని అలుగు గుండు అంటాం. మా తాత కాలం నుంచీ అదే పేరు. చెరువు దగ్గర ఉండేది మరవ.”

పుస్తకం నా చేతిలో బరువెక్కింది. నేను కృష్ణా జిల్లాలో పుట్టినవాణ్ణి. చెరువు మిగులు నీరు పొర్లే గోడను మా వైపు అలుగు అంటాం. ఇక్కడివాళ్లు దాన్ని మరవ అంటారని నాకు తెలియనిది కాదు. ‘మరవ పారతాండాది సారూ, రోడ్డు తెగుతాదేమో’ అని వానాకాలంలో రైతులు నా కార్యాలయానికి వచ్చి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నోటితో నేనూ ఆ మాటే అనేవాణ్ణి. అచ్చు వేయవలసి వచ్చేసరికి మాత్రం, పుస్తకానికి పుస్తకం భాష ఉండాలనుకున్నాను. చేతిరాత ప్రతిలో మొదట ‘మరవ’ అనే రాసి, కొట్టివేసి, ‘అలుగు’ అని దిద్దాను. ఆ దిద్దుబాటు నాకు స్పష్టంగా గుర్తుంది. సంతృప్తిగా దిద్దాను.

మిగిలినవారు మీటరు చూసుకుని, పుస్తకంలోని దూరం ప్రకారం తిరిగారు. వారికి ఆ గుండు పేరే తెలియదు. కాబట్టి వారు తప్పలేదు. పోటీకి వచ్చినవారిలో ఆ నేలను అందరికంటే బాగా ఎరిగిన మనిషి ఒక్కతే తప్పింది. నేను రాసిన మాటను రాసినట్టు పాటించినందుకు తప్పింది.

ఆ ఎడమ దారిలోనే పలమనేరు దాకా పొమ్మన్నాను. వెంట తెచ్చుకున్న మా కార్యాలయం పటం మీద దూరం లెక్కవేశాను. నా దారి కంటే నాలుగున్నర కిలోమీటర్లు తక్కువ. గంటకు ముప్పై వేగంతో నాలుగున్నర కిలోమీటర్లకు పట్టే కాలం తొమ్మిది నిమిషాలు. మీటరు లేని బండి మీద, ఆ భాగంలో ఆమె చేసిన తప్పు సున్నా. దాన్ని కాగితం మీద వేసి ఆమెకు చూపించాను. ఆమె అంకెలు చూడలేదు.

“అయితే నేను అడ్డదారి పట్టలేదు కదా సారూ?”

“లేదమ్మా. దారి నేను తప్పించాను.”

“ఆ మాట ఈడ నాకు చెప్తే ఏం లాభం?” అంది.

దొడ్ల ముందు

సాయంత్రం మదనపల్లెలో కమిటీ కూర్చుంది. నూరు సీసీ తరగతికి ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేశారు. వేరొకచోట పడిన ఒక తప్పు మార్కు వల్ల మునిలక్ష్మికి రెండో స్థానం వచ్చింది. తప్పు దారి కొలిచినవాడిదని నేను కాగితం రాసి సంతకం చేశాను. నోటీసు బోర్డు మీద అంటించడానికి రమణ దాన్ని తీసుకున్నాడు. అంతటితో న్యాయం జరిగిందని నేను అనుకున్నాను. రెడ్డెప్ప ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాగుండాది సారూ. ఎర్రసిరా మాట పలమనేరు నుంచి పల్లెలకు అరగంటలో పాయ. ఈ కాగితం ఈ బోర్డు మీద నుంచి ఎప్పుడు నడుస్తాదో, కాళ్లుండాయా దీనికి?”

అతను నన్ను ఏమీ చేయమని అడగలేదు. అదే రెడ్డెప్ప పద్ధతి. మరునాటి నుంచి మూడు రోజులు సెలవు పెట్టాను. మునిలక్ష్మి రోజూ తిరిగే పల్లెలన్నీ ఆమె బండి వెనకే తిరిగాను. డబ్బా మా ఇద్దరి మధ్య ఉండేది. ప్రతి దొడ్డి ముందూ దిగి, నమస్కారం పెట్టి, దారి పుస్తకంలో మాట తప్పు రాసింది నేనని, ఈమె రాసిన దారిలోనే వచ్చిందని చెప్పేవాణ్ణి. కొందరు నవ్వారు. కొందరు మజ్జిగ ఇచ్చారు. ఒకామె, “ఇంత సదువుకోని మరవ తెలీదా అబ్బా?” అని జాలిపడింది. ఆ మూడు రోజులు మునిలక్ష్మి ఒక్క మాట కూడా నా తరఫున మాట్లాడలేదు, తన తరఫునా మాట్లాడలేదు. పనిచేసుకుంటూ పోయింది. తనను అనుమానించిన ఇళ్లలో కూడా ఆవు దగ్గరికి వెళ్లేముందు చేతులు అంతే శుభ్రంగా కడుక్కుంది. ఆమె మీద నాకున్న గౌరవం ర్యాలీలో ఆమె నడిపిన తీరు చూసి సగం పుట్టిందైతే, మిగిలిన సగం ఆ మూడు రోజుల్లో పుట్టింది.

మూడో రోజు పొద్దువాలే వేళ చివరి ఇల్లు గంగులప్పది. డెబ్బై దాటిన మనిషి. నడుము ఎత్తు కూడా లేని, తెల్లటి పుంగనూరు ఆవు ఒక్కటే ఆయన ఆస్తి. ర్యాలీ మరునాడు మధ్యాహ్నం మునిలక్ష్మిని దొడ్డి బయటి నుంచే పంపేసిన మనిషి కూడా ఆయనే. ఆయన ఆవుకు జెర్సీ సూది పడితే ఆ జాతి ఆ దొడ్లో అంతటితో సరి. కాబట్టి ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. ఆవు పొద్దున నుంచి అరుస్తోంది. ఎదకు వచ్చిందని మునిలక్ష్మికి దూరం నుంచే తెలిసింది. సాయంత్రం దాటితే ఈ ఎద పోతుందని నాతో మెల్లగా అంది. గంగులప్ప గేటుకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

“ఏమమ్మా అడ్డదారి డాక్టరమ్మా, ఈపొద్దు ఏ దావలో వచ్చినావు?”

ఆమె బండి దిగలేదు. నేను దిగి, చెప్పవలసినదంతా చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

“ఉండుండు. మీ ఊర్లో మరవను అలుగంటారా?”

“అంటాం.”

“మరి అలుగును ఏమంటారు?”

“దాన్నీ అలుగనే అంటాం.”

గంగులప్ప కొంతసేపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. పళ్లు లేని నోటితో నవ్వు మొదలై, దగ్గుగా మారి, మళ్లీ నవ్వైంది.

“రెండిటికీ ఒకటే మాటైతే మీ ఊర్లో మనుషులు ఇండ్లకు ఎట్ల చేరతారప్పా?” ఆపైన గొంతు మార్చి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు. “అమ్మీ, ఈయప్ప చెప్పేది నిజమేనా? నువ్వు రాసిన దావలోనే వచ్చినావా?”

“రాసిన దావలోనే వచ్చినా తాతా.”

“ఇప్పుడు నీ డబ్బాలో ఉండేది?”

“పుంగనూరుదే.”

“పొద్దుగూకతాండాది, ఇంకా బండి మీద కూసోని ఏం జేస్తాండావు మరి?” అంటూ లేచి, మంచాన్ని గేటు పక్కకు ఈడ్చాడు.

ఆమె డబ్బా విప్పింది. చేతులు కడుక్కుంది. ఆవు పక్కకు జరగకుండా గంగులప్ప కొమ్ములు పట్టుకున్నాడు. ఇంకొక చెయ్యి కావలసి వచ్చింది.

“సారూ, ఊరికే నిలబడకండి,” అంది మునిలక్ష్మి. “తోక పక్కకు పట్టుకోండి. గట్టిగా.”

పుస్తకాన్ని జేబులో పెట్టి, రెండు చేతులతో పట్టుకున్నాను.